ఒబి నేత గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. జపాన్ దుస్తులైన కిమోనో మీద నడుముకి కట్టే ఒబి అనే పట్టీ నేతలోకి యూరప్ అలంకార కళ ఎలా వచ్చిందన్నది మంచి విషయం, తెలుగులో దీని గురించి రాసినవాళ్లు తక్కువ. కానీ మొదటి రెండు పేజీల నిండా తూర్పు పడమరల కలయిక గురించి పొగడ్తలే ఉన్నాయి, మగ్గం ఎక్కడా కనిపించదు. ఆ రెండు పేజీలూ తీసేసి నేరుగా క్యోటోలోని నిషిజిన్ నేతవాడకి వెళ్లు.

అక్కడ ఈ కథ కడుపు భయంతో మొదలైంది. 1869లో చక్రవర్తి టోక్యోకి మారాడు, ఆస్థానమూ ఆయన వెంటే వెళ్లింది, నిషిజిన్ పట్టుకి పెద్ద కొనుగోలుదారులు పోయారు. 1872లో క్యోటో పాలకులు సకురా త్సునెషిచి, ఇనొయె ఇహే, యోషిదా చూషిచి అనే ముగ్గురిని పని నేర్చుకు రమ్మని ఫ్రాన్స్‌లోని లియాన్‌కి పంపారు. మొదటి ఇద్దరూ జకార్డ్ మగ్గాలతో తిరిగొచ్చారు. యోషిదా ఎక్కిన నీల్ అనే ఓడ 1874లో జపాన్ తీరం దాకా వచ్చి మునిగిపోయింది, ఆయన ఇల్లు చేరలేదు. నువ్వు ఆయన పేరు కూడా రాయకుండా ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు బాధేసింది. ఒక పేరా ఇవ్వు.

జకార్డ్ వచ్చాక ఏం మారిందో కూడా వివరంగా రాయి. అంతకుముందు మగ్గం పైన ఒక మనిషి కూర్చుని డిజైన్ ప్రకారం దారాలు లాగుతుంటే కింద నేతగాడు పేక వేసేవాడు; పైమనిషి చేసే ఆ పనిని చిల్లుల అట్టలు తీసుకున్నాయి. 1877 నాటికి అరకి కోహే అనే ఆయన ఆ యంత్రాన్ని అక్కడే చెక్కతో తయారు చేశాడు. ధర్మవరం మగ్గాల మీద జకార్డ్ చూసినవాళ్లు మనలో ఎంతోమంది ఉన్నారు కాబట్టి పడుగు, పేక, అట్టలు అని మామూలుగా రాసెయ్, టెన్షన్ పడి నిఘంటువులు వెతక్కు.

ఇక అసలు కష్టం, నువ్వు అస్సలు ముట్టుకోనిది. యూరప్‌లో గోడకాగితానికో తెరకో గీసిన ఆకుల తీగ అన్ని వైపులా అల్లుకుపోతూనే ఉంటుంది, ఎక్కడ కత్తిరించినా చెల్లుతుంది. ఒబి సుమారు 30 సెంటీమీటర్ల వెడల్పు, నాలుగు మీటర్లకు పైగా పొడవు. దాన్ని మడిచి, చుట్టి, వెనక ముడేస్తే బయటికి కనిపించేది వీపు మీద దాదాపు చదరంగా ఉండే ఒక ముక్క, ముందు ఒక పట్టీ. చుట్టులోపల దాగిపోయే భాగంలో అసలు డిజైనే వెయ్యని ఒబిలూ ఉన్నాయి. అంటే ఫ్రెంచి గులాబీ ఆ చదరంలో ఎక్కడ పడాలి, కాడ ఎటు వంగాలి, ఏ ఆకుని వదులుకోవాలి అన్నది నెయ్యకముందే తేల్చుకోవాలి. ఆ మీదట బంగారం సంగతి. చేతితో చేసిన కాగితం మీద ఉరుషి అనే చెట్టు జిగురుతో బంగారు రేకు అంటించి, దాన్ని దారమంత సన్నగా చీల్చి, ఒక్కో పోగునీ వరస తప్పకుండా పేకలోకి లాగుతారు. ఒక పోగు అటూ ఇటూ అయితే కాగితం మీద వేసిన బొమ్మ చెదిరిపోతుంది. వ్యాసంలో సగం ఇక్కడే ఖర్చుపెట్టినా నేను సంతోషిస్తాను.

ఇంకోటి, యూరప్ ఇచ్చింది, జపాన్ పుచ్చుకుంది అన్నట్టు రాశావు. 1900లో పారిస్ ప్రదర్శనకి వెళ్లిన చిత్రకారుడు అసాయ్ చూ అక్కడ ఆర్ట్ నువో అనే, తీగల్లా వంపులు తిరిగే అలంకార శైలి చూశాడు, వచ్చి 1902 నుంచి క్యోటోలో డిజైన్ పాఠాలు చెప్పాడు. ఆ ఆర్ట్ నువో వంపులే జపాన్ చెక్కముద్రల బొమ్మల నుంచి ఎంతో తీసుకున్నవి! 1886లో యూరప్ వెళ్లిన నిషిజిన్ నేత వ్యాపారి రెండో కవాషిమా జిన్బే కూడా పారిస్‌లో గోబెలిన్ నేత, అంటే రంగు పేకలతో బొమ్మలు నేసే గోడతెరల నేత చూసి, అది అలాగే పేకతో బొమ్మ నేసే తమ త్సుజురె నేతకి దగ్గరి చుట్టమని గుర్తుపట్టాడు. ఆ ధైర్యంతోనే ఒబిలు నేసే ఆ పద్ధతిని గోడనిండా వేలాడే పెద్ద నేతలదాకా తీసుకెళ్లాడు.

చివర్లో నిషిజిన్ నేత సంస్థ హొసో గురించి రాసి, సంప్రదాయం బతికింది అని ఆపేశావు. ఎలా బతికిందో చెప్పు. ఫ్రెంచి ఫ్యాషన్ సంస్థ డియోర్ దుకాణాల గోడలకీ కుర్చీలకీ నిషిజిన్ బట్ట కావాల్సొచ్చినప్పుడు ఒబి వెడల్పు చాల్లేదు, అతుకులు పడతాయి, అందుకే 150 సెంటీమీటర్ల బట్ట నేసే మగ్గం కొత్తగా కట్టుకున్నారు. వెడల్పు పెరిగినా బంగారు కాగితం పోగులు వరస తప్పకూడదు కదా, అక్కడ నేతగాళ్లు ఏం చేశారో కనుక్కుని రాసి పంపు.

మీ అన్న