ముందు ఆమె ఉత్తరాలు చదువు

చిరంజీవి అమ్మాయికి,

నీ పరిశోధన ప్రణాళిక రెండుసార్లు చదివాను. అమెరికా నల్లజాతి స్త్రీల ఆత్మకథల మీద పనిచేస్తానన్నందుకు మనసు నిండింది. కానీ ఇరవై పేజీల్లో పదిహేను సిద్ధాంతకర్తల మాటలకే పోయాయి. ఆ స్త్రీల గొంతు పదహారో పేజీలో గానీ వినపడలేదు. దాన్ని తిరగేసి రాయి.

ఎందుకో చెప్పడానికి జీన్ ఫాగన్ యెల్లిన్ చేసిన పని ఒక్కటి చాలు. ఆమె న్యూయార్క్‌లోని పేస్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఉత్తర కరోలినాలో బానిసగా పుట్టి, తప్పించుకున్న నల్లజాతి స్త్రీ హారియట్ జేకబ్స్ ఆత్మకథ 1861లో అచ్చయినప్పుడు ముఖపత్రం మీద రచయిత్రి పేరు లేదు. ‘స్వయంగా రాసుకున్నది’ అన్న మాట, సంపాదకురాలిగా లిడియా మరియా చైల్డ్ అనే తెల్లజాతి రచయిత్రి పేరు మాత్రం ఉన్నాయి. అంతటితో, ఇది చైల్డ్ అల్లిన కథేనని ఎందరో పండితులు తీర్మానించారు. యజమాని బారి నుంచి తప్పించుకుని అమ్మమ్మ ఇంటి కప్పు కింద, తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న చీకటి సందులో దాదాపు ఏడేళ్లు దాక్కున్నానని జేకబ్స్ రాస్తే నమ్మబుద్ధి కాలేదు వాళ్లకు.

యెల్లిన్ కూడా మొదట పండితుల మాటే నమ్మారు. స్త్రీవాద ఉద్యమం వచ్చాక అదే పుస్తకాన్ని మళ్లీ తెరిచారు. ఈసారి అనుమానం పండితుల మీదికి మళ్లింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో, జేకబ్స్ తన స్నేహితురాలు అమీ పోస్ట్‌కు రాసిన ఉత్తరాలు భద్రంగా ఉన్నాయి. పగలంతా ఒకరింట్లో పిల్లలను సాకుతూ, రాత్రుళ్లు ఎవరికీ తెలియకుండా రాసుకున్న సంగతి వాటిలో ఉంది. తన కథను ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ నవల రాసిన హారియట్ బీచర్ స్టోవ్ వాడుకుంటానంటే ఒప్పుకోకుండా, తానే రాస్తానని పట్టుపట్టిన సంగతీ ఉంది. మొత్తం పుస్తకంలో యాభై మాటలైనా మార్చి ఉండనని చైల్డ్ ఒక ఉత్తరంలో చెప్పుకున్నారు. పారిపోయిన జేకబ్స్‌ను పట్టిస్తే 100 డాలర్లిస్తానని యజమాని 1835లో వేయించిన పత్రికా ప్రకటన కూడా ఉంది. రాసింది జేకబ్స్ అని చూపుతూ 1981లో యెల్లిన్ వ్యాసం, 1987లో హార్వర్డ్ ప్రచురణగా ఆ ఆత్మకథకు ఆమె సిద్ధం చేసిన సవివరమైన ప్రతి వచ్చాయి. పుస్తకం సొంతదారు చేతికి చేరడానికి వందేళ్లు దాటింది.

కాబట్టి ఉత్తరాలతో మొదలుపెట్టు. నీ చేత్తో ఎత్తి రాసుకో. అక్షరదోషాలు దిద్దవద్దు, బడి చదువు లేకుండా రాసిన మనిషి చేయి వాటిలో తెలుస్తుంది. ఎవరైనా ‘ఇది ఆమె రాసి ఉండదు’ అంటే, ఆ మాట మొదట ఎవరన్నారో, దేన్ని చూసి అన్నారో వెతుకు. ఒకరిని చూసి ఒకరు అన్నదే చాలాసార్లు దొరుకుతుంది.

కులంతో పోలిక చివరి అధ్యాయం దాకా ఆపు. అది అక్కర్లేదని కాదు, చాలా అవసరం. కానీ తెలుగులో ‘జాతి’ అన్న మాట దేశానికీ, తెగకూ, కులానికీ కూడా చెల్లుతుంది. ఆ మాట ఒక్కటే కనుక విషయం కూడా ఒక్కటేననిపిస్తుంది. ముందు ఉత్తర కరోలినా బానిసత్వ చట్టం తల్లి స్థితినే బిడ్డకు ఎలా అంటగట్టిందో వివరంగా రాయి. మన ఊళ్ల సంగతి ఆ తర్వాత.

ఇంకొక్క మాట. పత్రికకు పంపిన నీ తెలుగు వ్యాసంలో ‘చైల్డ్ సవరించారు’ అని ఉంది, పక్క వాక్యంలోనే ‘జేకబ్స్ రాసింది’ అని ఉంది. నువ్వు కావాలని చేయలేదని తెలుసు. అయినా చదివినప్పుడు నాకు బాధ కలిగింది. ఇద్దరికీ ఒకే గౌరవం ఇవ్వు, వ్యాసమంతా మొదటి నుంచి చూసి దిద్దు. అచ్చుకు వెళ్లేలోపు ఆ ప్రతి నాకొకటి పంపు.

ఆశీస్సులతో,
మీ మేడమ్