బాబు నన్ను చూస్తే మొహం తిప్పేసుకుంటున్నాడు

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం. ప్రసూతి సెలవు అయిపోగానే, ఏడో నెలలో బాబుని తణుకు దగ్గర మా అమ్మావాళ్ళ ఊళ్ళో వదిలాం. నెలకోసారి వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. ఇప్పుడు వాడికి రెండేళ్ళ ఐదు నెలలు. ప్లేస్కూల్లో వేద్దామని మూడు వారాల క్రితం తీసుకొచ్చేశాం. నేను ఎత్తుకోబోతే మొహం తిప్పేసుకుంటాడు, కొడతాడు. రాత్రిళ్ళు లేచి ‘అమ్మమ్మా’ అని ఏడుస్తాడు. మీ అమ్మ గారాబం చేసి చెడగొట్టింది, రెండు తగిలిస్తే దారికొస్తాడని మావారు అంటారు. వీడియో కాల్స్ మానేస్తే కొన్నాళ్ళకి మర్చిపోతాడని మా అత్తగారి సలహా. ‘నువ్వు దేవకివి, యశోద అక్కడుంది’ అని ఎత్తిపొడుపు కూడా. మొదటి మూడేళ్ళలో అటాచ్‌మెంట్ (పెంచేవాళ్ళతో గట్టి అనుబంధం) ఏర్పడకపోతే జీవితాంతం అంతేనని ఇంటర్నెట్‌లో చదివాను. భయంగా ఉంది. ఉద్యోగం మానేయమంటారా?
– ఒక తల్లి, నిజాంపేట

జవాబు: ముందు వీడియో కాల్స్ సంగతి. మానేయకండి. మిగతాదంతా రేపు చదువుకున్నా ఫరవాలేదు, ఇది మాత్రం ఈ రాత్రి నుంచే.

మీ బాధ రాశారు, మీవారి కోపం రాశారు, అత్తగారి మాటలు రాశారు. ఇప్పుడు బాబు వైపు నుంచి చూద్దాం. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి అన్నం కలిపి పెట్టింది, నీళ్ళు పోసింది, పక్కలో వేసుకుని జోకొట్టింది ఒకే మనిషి. ఒకరోజు కారెక్కించారు. అంతే, ఆ మనిషి లేదు. ఆ ఇల్లు, ఆ అరుగు, పొద్దున్నే పలకరించే పక్కింటివాళ్ళు, అందరూ ఒక్కసారే మాయమయ్యారు. అమ్మమ్మ ఊళ్ళో క్షేమంగానే ఉంది, మళ్ళీ కనిపిస్తుందని మనసుకి సర్దిచెప్పుకునే వయసు కాదది. వాడిది మొండితనం కాదండీ. దుఃఖం.

పసిపిల్లల దుఃఖాన్ని లోకం పట్టించుకునేలా చేసినవాళ్ళలో బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ముఖ్యుడు. ఆయన్ని చిన్నప్పుడు పెంచిన ఆయా ఆయనకి నాలుగేళ్ళు నిండకముందే పని మానేసి వెళ్ళిపోయింది. తల్లిని పోగొట్టుకున్నంత బాధ పడ్డానని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. కన్నతల్లి ఇంట్లో ఉండగానే! ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండేళ్ళ పాపని కెమెరాలో చిత్రీకరించి 1952లో డాక్టర్లకి చూపించాడు. అప్పట్లో అక్కడ తల్లిదండ్రుల్ని పిల్లల పక్కన ఉండనిచ్చేవాళ్ళు కాదు. ఇలా దూరమైన పిల్లల్లో వీళ్ళు ఒక వరస గమనించారు. మొదట ఏడుపు, పెనుగులాట. తర్వాత డీలాపడి ముడుచుకుపోవడం. ఆ తర్వాత ఏమీ పట్టనట్టు ఉండటం. ఈ మూడో దశలో పిల్లాడు బుద్ధిగా తింటాడు, ఆడుకుంటాడు, నర్సులకి ముద్దొస్తాడు. హమ్మయ్య, సర్దుకున్నాడని పెద్దవాళ్ళు అనుకుంటారు. మీ అత్తగారు చెప్పిన ‘మర్చిపోవడం’ ఇదే. అది మర్చిపోవడం కాదు, ఆశ వదులుకోవడం. ఆవిడ కూడా చెడు కోరి చెప్పలేదు లెండి, మన ఇళ్ళల్లో తరతరాలుగా చెప్పుకునే మాటే అది.

మొహం తిప్పుకోవడం కూడా కొత్తేమీ కాదు. కొన్ని వారాలు తల్లికి దూరంగా ఉండి ఇంటికొచ్చిన పిల్లలు ఆమెని చూసి పక్కకి తిరిగిపోవడం పరిశోధకులు అప్పుడే రాసిపెట్టారు. మీరు నెలనెలా వచ్చారు, నెలనెలా వెళ్ళిపోయారు. వాడి లెక్కలో మీరు వెళ్ళిపోయే మనిషి. పైగా అమ్మమ్మ నుంచి తీసుకొచ్చింది కూడా మీరే. కోపం మీ మీద కాక ఇంకెవరి మీద చూపిస్తాడు?

ఇంటర్నెట్‌లో చదివిన దానికి వద్దాం. అటాచ్‌మెంట్ గురించి రాసేచోట కనిపించే ‘సెక్యూర్’ (నమ్మకంగా దగ్గరికి రావడం), ‘అవాయిడెంట్’ (దూరంగా జరగడం) లాంటి పేర్లు మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ పనిలోంచి వచ్చాయి. ఆవిడ 1950లలో ఉగాండా పల్లెల్లో తల్లుల ఇళ్ళకి వెళ్ళి గమనించింది, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక గదిలో ఇరవై నిమిషాల పరీక్ష తయారుచేసింది. తల్లి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చినప్పుడు ఏడాది పిల్లాడు ఏం చేస్తాడన్నది అందులో చూస్తారు. ఆ పేర్లు పిల్లాడి నుదుట రాసిన రాత కాదు. ఒక మనిషితో వాడికున్న బంధానికి పెట్టిన పేర్లు. అదే పిల్లాడు తల్లితో ఒకలా, తండ్రితో ఇంకోలా ఉండొచ్చు. బంధం ఒక్కరితోనే అన్న నియమమూ లేదు. షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసివాళ్ళని గమనించి 1964లో అచ్చువేసిన దాని ప్రకారం, ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమందికి ఒకరికి మించే ఆత్మీయులున్నారు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి బాబుకి అటాచ్‌మెంట్ ఏర్పడలేదన్న బెంగ వద్దు. బ్రహ్మాండంగా ఏర్పడింది, మీ అమ్మగారితో. లేకపోతే అర్ధరాత్రి ఆవిడ కోసం అంతలా ఏడవడు. ఒకరిని అలా నమ్మగలిగిన పిల్లాడు ఇంకొకరినీ నమ్ముతాడు. ఆ మొదటి నమ్మకాన్ని మనం తెంపకూడదు, అంతే. మూడేళ్ళకి తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు.

ఇక చేయాల్సింది. మీ అమ్మగారిని ఒక నెలా నెలన్నర మీ ఇంటికి రమ్మనండి. నాన్నగారి ఆరోగ్యమో, పొలం పనులో అడ్డమైతే మీరే సెలవు పెట్టి బాబుతో అక్కడికి వెళ్ళండి. నన్నడిగితే రెండోదే మేలు. వాడికి తెలిసిన ఇంట్లో, తెలిసిన మంచం మీద మీరు కొత్త మనిషిగా చేరడం సులువు. మొదటి కొన్ని రోజులు అన్నం ఆవిడే పెట్టాలి, మీరు పక్కన కూర్చోవాలి. వాడు మీ వైపు చూస్తే నవ్వండి, లాగకండి. తర్వాత ముద్ద మీరు కలపండి, ఆవిడ పక్కన ఉంటుంది. స్నానం ఆ తర్వాత. నిద్ర అన్నిటికంటే చివర. చీకట్లో కళ్ళు మూసుకోవడానికి ఎక్కువ నమ్మకం కావాలి. ఆవిడ కట్టి విడిచిన నూలు చీర ఒకటి వాడి పక్కలో ఉంచండి, ఉతక్కండి.

మీ అమ్మగారితో కూడా ఒక మాట విడిగా చెప్పాలి. ఆవిడకీ ఇల్లు బోసిపోయి ఉంటుంది. అయినా ఫోన్‌లో ‘అమ్మ తిడుతోందా నాన్నా, వచ్చేస్తావా’ అని కన్నీళ్ళు పెట్టుకోకూడదు. ‘అమ్మ దగ్గర అన్నం తిన్నావా, నాకు చూపించు’ అనాలి. ఆవిడ ఒప్పుకుంటే తప్ప వాడు మీ దగ్గర స్థిమితపడడు. రోజూ ఒకే వేళకి కాల్ చేయండి, సాయంత్రం అన్నానికి ముందైతే మంచిది.

ఆవిడ తిరిగి ఊరెళ్ళే రోజు వాడు నిద్రపోతుండగానో, వాచ్‌మన్ దగ్గర పిల్లిని చూపిస్తుండగానో జారుకోవడం మన అలవాటు. ఏడవకుండా ఉంటాడని. దయచేసి వద్దు. చెప్పి, చెయ్యూపి, మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పి వెళ్ళాలి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి, పక్కన మీరుండండి. చెప్పకుండా మాయమైతే మీరు బాత్‌రూమ్‌కి వెళ్ళినా వెంటపడి ఏడ్చే రోజులొస్తాయి. ప్లేస్కూల్‌ని ఓ రెండు మూడు నెలలు వెనక్కి జరపండి. ఒకదాని మీద ఇంకో ఎడబాటు ఎందుకు?

మీవారికి: రెండు తగిలిస్తే ఏడుపు ఆగొచ్చు, భయం మొదలవుతుంది. వాడు ఓదార్పు కోసం రావాల్సిన మనిషే భయపెడితే ఇక ఎటు పోతాడు? ‘మళ్ళీ ఊరికి పంపేస్తా’ అనే బెదిరింపు ఈ పిల్లాడి దగ్గర అసలే పనికిరాదు, వాడికది వరంలా వినిపిస్తుంది! అలాగని అడిగిందల్లా ఇమ్మనడం లేదు. అమెరికన్ మనస్తత్వవేత్త డయానా బౌమ్రిండ్ 1960లలో పెంపకాన్ని మూడు రకాలుగా చెప్పింది: ఒట్టి అదుపు, ఒట్టి గారాబం, ప్రేమతో కూడిన అదుపు. మూడో దారిలో పెరిగిన పిల్లలే మిగతావాళ్ళకంటే నిబ్బరంగా ఉన్నారు. కొడితే చెయ్యి మెత్తగా పట్టుకుని ‘కొట్టకూడదు, అమ్మకి నొప్పి. నీకు అమ్మమ్మ గుర్తొచ్చింది కదూ’ అనండి. హద్దూ ఉంది, ఓదార్పూ ఉంది. ఏడుపాపడానికి చేతికి ఫోనివ్వడం మాత్రం మానండి.

వేలు చీకడం, పక్క తడపడం కొన్నాళ్ళు ఉంటాయి, తిట్టకండి. రెండు మూడు నెలలైనా ఎవరి దగ్గరికీ ఓదార్పుకి రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పిలిస్తే పలక్కపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. మీకే నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే 14416కి చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఉద్యోగం మానక్కర్లేదు. అమెరికాలో 1991లో మొదలుపెట్టి వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనించారు. పగలు వేరేవాళ్ళ దగ్గర ఉన్నంత మాత్రాన తల్లితో బంధం దెబ్బతినలేదని తేలింది. ఉన్నంతసేపు తల్లి పిల్లాడి అవసరాన్ని ఎంత గమనించిందన్నదే తేడా తెచ్చింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవుతో ఆగలేదు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలంది, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూడొచ్చంది. మీ కంపెనీలో ఉందో లేదో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి, నోటిమాటగా వద్దు. సెలవు మీరొక్కరే పెట్టకండి. మీరు మూడు వారాలు పెడితే తర్వాత రెండు వారాలు మీవారు పెట్టాలి. అమ్మమ్మ చేసిన పనులన్నీ ఇద్దరూ నేర్చుకోవాల్సినవే. తణుకు టికెట్లు ఈ వారానికే తీసుకోండి.