గొప్ప విజయాలు చూసి ‘నేనూ సాధించగలను’ అనుకోవడం క్రైస్తవ విశ్వాసానికి విరుద్ధమా?

విరుద్ధం కాదు. బైబిల్లో మత్తయి 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానమే చూడండి. తలాంతు అంటే ఆ కాలంలో పెద్ద మొత్తం డబ్బు. యజమాని తన దాసుల్లో ఒకడికి ఐదు తలాంతులు, ఇంకొకడికి రెండు, మరొకడికి ఒకటి ఇచ్చి వెళ్లాడు. ఐదుకు ఐదు సంపాదించినవాణ్ణీ, రెండుకు రెండు సంపాదించినవాణ్ణీ ఒకే మాటలతో మెచ్చుకున్నాడు. చీవాట్లు తిన్నది, భయపడి తలాంతును భూమిలో పాతిపెట్టినవాడే. నాకు ఎంతో ఊరటనిచ్చే కథ ఇది. లెక్క పక్కవాడితో కాదు, మన చేతికి వచ్చినదానితోనే.

‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్న ఫిలిప్పీ 4:13 వచనాన్ని మనం గెలుపు మంత్రంలా వాడేస్తుంటాం. అపొస్తలుడైన పౌలు దాన్ని చెరలో బంధకాల్లో ఉండి రాశాడు. దానికి ముందున్న మాటలు ఆకలి గురించి, లేమి గురించి. అంటే దక్కనప్పుడు నిలబడే బలం కూడా అందులో భాగమే.

స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఇందుకు మంచి ఉదాహరణ. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి పోటీలు) ఆరాధన దినమైన ఆదివారం వచ్చాయని ఆ పరుగు వదులుకున్నాడు. 400 మీటర్లలో 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లి, 1945లో జపాన్ నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు. పతకం ఆయనకు గమ్యం కాలేదు.