ఐస్ హాకీ ప్లేఆఫ్స్‌లో ఒకే జట్టుతో ఏడేసి మ్యాచ్‌లు ఎందుకు? ఐపీఎల్‌లాగా ఒక్క ఫైనల్‌తో తేల్చేయొచ్చు కదా?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకో మాట కూడా రాశారు: "రెండు నెలలు సాగదీసేది టీవీ డబ్బుల కోసమే కదా?" డబ్బు సంగతి నేను కాదనను. కానీ ఆ ఏడు మ్యాచ్‌లే లేకపోతే ఈ ఆటలో నాకు ప్రాణమైనది ఒకటి ఉండేది కాదు. అది చెప్పడానికే ఈ జవాబు.

2022 మే 15, ఆదివారం రాత్రి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్. నాన్న మొదటిసారి అమెరికా వచ్చి ఉన్నారు. తెల్లారితే ఆఫీసు అని మా ఆయన పాపని తీసుకుని లోపలికెళ్లి పడుకున్నారు. హాల్లో నేనూ నాన్నే. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ NHL ప్లేఆఫ్స్‌లో డాలస్ స్టార్స్‌కీ కాల్గరీ ఫ్లేమ్స్‌కీ మొదటి రౌండ్. ముందు నాలుగు గెలిచినవాళ్లు పై రౌండుకి, ఓడినవాళ్లు ఇంటికి. చెరి మూడు గెలిచి ఏడో మ్యాచ్ దాకా వచ్చారు. ఆట కాల్గరీలో కాబట్టి మాకు మొదలయ్యేసరికే ఎనిమిదిన్నర దాటింది.

నాన్నది కృష్ణా జిల్లా. కుర్రతనంలో సంక్రాంతి పోటీల్లో ఊరి తరఫున కబడ్డీ ఆడిన మనిషి. సోఫాలో నడుం నిలవదని కింద దిండు వేసుకుని, పక్కన మజ్జిగ గ్లాసు పెట్టుకుని కూర్చున్నారు. పది నిమిషాలు చూసి, "ఆ నల్లబిళ్ల ఎక్కడుందో నా కంటికి ఆనట్లేదమ్మా" అన్నారు. "బిళ్లని వెతక్కు నాన్నా, గోల్ ముందు నిలబడ్డవాణ్ణి చూడు, వాడు ఎటు కదిలితే బిళ్ల అటు ఉన్నట్టు" అన్నాను. నేను ఈ ఆట నేర్చుకున్నదీ అలాగే. అంతే, ఇక ఆయన కళ్లు మా గోలీ జేక్ ఓటింజర్‌ని వదల్లేదు.

ఆట మొదలైన 32 సెకన్లకే మా కెప్టెన్ జేమీ బెన్ గోల్ వేశాడు. ఇంకేముంది, మనదే అనుకున్నాను. తర్వాత కాల్గరీవాళ్లు ఊపిరి తీసుకోనివ్వలేదు. మొత్తం మ్యాచ్‌లో వాళ్లు గోల్ మీదికి కొట్టిన షాట్లు 67, మావాళ్లు కొట్టినవి 28. ఓటింజర్‌కి అప్పటికి 23 ఏళ్లు. మోకాళ్ల మీద కూలబడి కాళ్లు రెండు పక్కలకీ చాపడం, లేవడం, మళ్లీ కూలబడడం. ఒకసారి వెల్లకిలా పడిపోయి కూడా ఆపాడనుకుంటా, నాన్న గ్లాసు పక్కకు జరిపి మోకాళ్ల మీదికి లేచారు. స్కోరు 2-2. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడూ అయిపోయాయి.

"ఇప్పుడు టైబ్రేకరా?" అన్నారు నాన్న.

లేదు. ప్లేఆఫ్స్ గొప్పదనం అక్కడే ఉంది. మామూలు సీజన్‌లో డ్రా అయితే గోలీ కాక ముగ్గురేసి ఆటగాళ్లతో అయిదు నిమిషాలు ఆడించి, అప్పటికీ తేలకపోతే షూటౌట్ పెట్టి ఇంటికి పంపేస్తారు. ప్లేఆఫ్స్‌లో ఆ పప్పులుడకవు. అయిదుగురికి అయిదుగురు, పూర్తిగా 20 నిమిషాల పీరియడ్, గోల్ పడితే అక్కడికి సరి, పడకపోతే ఇంకో 20 నిమిషాలు. 1936లో డెట్రాయిట్, మాంట్రియల్ మరూన్స్ మ్యాచ్ ఆరో ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది. మామూలు గంట ఆట కాక అదనంగా 116 నిమిషాల 30 సెకన్లు ఆడితే 1-0తో తేలింది. 2020లో టాంపా, కొలంబస్ అయిదో ఓవర్‌టైమ్ దాకా ఆడారు. ఇదంతా చెబితే నాన్న, "మరి వీడు ఇంకెంతసేపు నిలబడాలి?" అన్నారు. ఆయన టెన్షన్ అంతా ఆ కుర్రాడి గురించే.

ఇంకో పదిహేను నిమిషాలు నిలబడ్డాడు. అర్ధరాత్రి దగ్గర పడుతుండగా కాల్గరీ ఆటగాడు జానీ గొడ్రో, పక్కనుంచి, బొత్తిగా సందు లేని కోణంలో బిళ్లని పైకి లేపి కొట్టాడు. 15 నిమిషాల 9 సెకన్ల దగ్గర ఆట ముగిసింది. 67 షాట్లలో 64 ఆపినవాడు ఓడిపోయాడు. నాకు నోట మాట రాలేదు. టీవీ కట్టేద్దామని రిమోట్ తీసుకుంటే నాన్న ఆపారు. "ఆగు. ఏం చేస్తున్నారు వాళ్లు?"

రెండు జట్లూ ఐస్ మధ్యలో ఎదురెదురుగా వరస కట్టాయి. గ్లవ్స్ తీసి ఒక్కొక్కరికీ చేతులు కలుపుతున్నారు. మామూలు సీజన్‌లో ఇది ఉండదు, సిరీస్ మధ్యలోనూ ఉండదు. ఒక జట్టు ఇంటికి పోవడం ఖాయమయ్యాకే ఉంటుంది. రెండు వారాల పాటు ఒకర్నొకరు చెక్కగోడకేసి గుద్దుకున్నవాళ్లు. మొదటి మ్యాచ్ 1-0, రెండోది 2-0, ఒక్కో గోల్ కోసం ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు. నాన్న ఆ వరసలో ఓటింజర్‌ని వెతికి పట్టుకుని, అతని చెయ్యి ఎవరెవరు పట్టుకున్నారో చివరిదాకా చూశారు. "మా రోజుల్లో పక్క ఊరివాళ్లతో ఓడిపోతే ముఖం చాటేసి వచ్చేవాళ్లం" అని ఒక్కమాట అని లేచి గ్లాసు కడిగి పెట్టి పడుకున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక్క మ్యాచ్ ఆడినవాళ్లు చేతులు కలిపితే అది మర్యాద. క్రికెట్‌లో ప్రతి మ్యాచ్ తర్వాతా చూస్తాం, మర్నాటికి మర్చిపోతాం. అవే మనుషుల్ని ఏడుసార్లు ఎదుర్కొన్నాక ఇచ్చే చెయ్యి వేరు. వాడి దెబ్బ నీకు తెలుసు, నీ దెబ్బ వాడికి తెలుసు.

1952 నాటి ఒక ఫొటో ఉంది, తప్పక చూడండి. ఏడో మ్యాచ్ గెలిపించిన మాంట్రియల్ ఆటగాడు మోరీస్ రిషార్, తలకి కట్టు, ముఖం మీద కారుతున్న రక్తం. ఎదురుగా కమిలిన కన్నుతో బోస్టన్ గోలీ జిమ్ హెన్రీ, చెయ్యి కలుపుతూ తల వంచి ఉన్నాడు. మంచి కథలే చెబుతోంది అనుకోకండి. 1996లో కొలరాడో ఆటగాడు క్లాడ్ లెమ్యూ చెక్కగోడకేసి గుద్దిన గుద్దుకి డెట్రాయిట్ ఆటగాడు క్రిస్ డ్రేపర్ దవడ విరిగింది. ఆ రాత్రే సిరీస్ ముగిసి చేతులు కలిపారు. డ్రేపర్ ముఖం చూశాక అతని సహచరుడు డీనో సిసెరెల్లీ, అలాంటివాడికి చెయ్యి ఎలా ఇచ్చానా అని మండిపడ్డాడు. ఆ చేతికి విలువ ఉంది కాబట్టే అంత మంట.

ఇక మీ ప్రశ్న. ఏడు మొదట్నుంచీ లేదు. అప్పటి కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఇచ్చిన కప్పు, ఇప్పుడు NHL విజేతకి దక్కేది, 1893 నుంచి చేతులు మారుతోంది. తొలినాళ్లలో కప్పున్న జట్టుని ఎవరో సవాలు చేసేవారు, ఒకటి రెండు మ్యాచ్‌లతో తేలిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఫైనల్ ఏడు మ్యాచ్‌లకు స్థిరపడింది 1939లో. అన్ని రౌండ్లూ ఏడయింది 1987 నుంచి. ఇప్పుడు 32 జట్లలో 16 ప్లేఆఫ్స్‌కి వస్తాయి, నాలుగు రౌండ్లు, రౌండుకి నాలుగు గెలుపులు. అంటే కప్పు ఎత్తాలంటే 16 గెలవాలి. ఈ ఆటలో బిళ్ల ఎవడి స్కేటుకో తగిలి లోపలికి పోతుంది, ఒక్కరోజు ఎవరైనా ఎవరినైనా ఓడిస్తారు. ఏడిట్లో అదృష్టం అరిగిపోయి ఆట మిగులుతుంది. 1942 ఫైనల్‌లో టొరంటో మొదటి మూడూ ఓడి, తర్వాత నాలుగూ గెలిచి డెట్రాయిట్ నుంచి కప్పు లాక్కుంది. అయిదు మ్యాచ్‌ల సిరీసే అయితే ఆ కథే లేదు.

నాకు కోపం ఉన్నది ఏడు మీద కాదు, జతలు కట్టే పద్ధతి మీద. లీగ్‌లో జట్లని ప్రాంతాలవారీగా డివిజన్లుగా విడగొడతారు. 2014 నుంచి ఒకే డివిజన్‌లో రెండో జట్టుకీ మూడో జట్టుకీ మొదటి రౌండ్‌లోనే ముడిపెడుతున్నారు. 2025లో 106 పాయింట్ల డాలస్, 102 పాయింట్ల కొలరాడో మొదటి రౌండ్‌లోనే తలపడ్డాయి. ఇంత బలమైన జట్లలో ఒక జట్టు రెండు వారాలకే ఇంటికి. ఇదేం న్యాయం? ఆ ఏడో మ్యాచ్‌లో మేము 0-2 వెనకబడి ఉంటే, జనవరి దాకా కొలరాడోలోనే ఆడిన మికో రాంటనెన్ చివరి పీరియడ్‌లో మూడు గోల్స్ వేసి పాత జట్టుని ఇంటికి పంపాడు. తర్వాత వరసలో నిలబడి పాత స్నేహితులందరికీ చెయ్యి ఇచ్చాడు. నేను ఆనందంతో గంతులేయాల్సిన సమయంలో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఇంకోటి. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో హాకీ అనగానే "కొట్టుకునే ఆట కదండీ" అంటారు. అయ్యా, ప్లేఆఫ్స్‌లో పిడిగుద్దులు బాగా తగ్గిపోతాయి. పెనాల్టీ పడితే ఒక ఆటగాడు కాసేపు బయట కూర్చోవాలి, జట్టు మునుగుతుందని అందరికీ భయం. ఒక్క సిరీస్ మొదట్నుంచి చివరిదాకా చూసి అప్పుడు మాట్లాడండి.

2024 ఆగస్టు 29 రాత్రి, న్యూజెర్సీలో చెల్లెలి పెళ్లికి ముందురోజు, తమ్ముడు మాథ్యూతో కలిసి సైకిల్ మీద వెళుతున్న జానీ గొడ్రోని కారు గుద్దింది. అన్నదమ్ములిద్దరూ పోయారు. జానీకి 31 ఏళ్లు. అప్పటికి కొలంబస్‌కి ఆడుతున్నాడు. పొద్దున్నే వార్త చూసి నేను ఆఫీసు పార్కింగ్‌లో కార్లోనే ఉండిపోయాను. మా జట్టుని ఇంటికి పంపినవాడు, ఆ రాత్రి నేను తిట్టుకున్నవాడు. ఇంటికొచ్చాక నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఊళ్లో అప్పుడే తెల్లారింది, వెనక పాలవాడి గేటు చప్పుడు వినపడుతోంది.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రోజు చివరి గోల్ వేసిన పొట్టి కుర్రాడేనా?" అన్నారు.

అవునన్నాను.

"మన గోలీకి చెయ్యి ఇచ్చాడమ్మా వాడు. నేను చూశాను."