బొంతకి కత్తెర అక్కర్లేదు

ప్రశ్న: అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. బీరువా నిండా ఆవిడ చీరలే. వాటితో ఒక బొంత కుట్టుకోవాలని నా కోరిక. పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచకూడదు, ఆశ్రమానికి ఇచ్చేద్దాం అంటుంది వదిన. ఒక్క చీర మీద కత్తెర పడినా ఊరుకోనంటుంది డల్లాస్‌లో ఉన్న చెల్లి. నాన్న ఏమీ అనరు. రాత్రిళ్లు బీరువా తెరుచుకుని కూర్చుంటున్నాను. నాది చాదస్తమా? మిషను కుట్టడం వచ్చు గానీ బొంత ఎప్పుడూ కుట్టలేదు.
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: చాదస్తం ఏమీ కాదమ్మా. పాత చీరలూ పంచెలూ పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. మీ చెల్లెలి భయం బొంత గురించి కాదు, కత్తెర గురించి. ముక్కలైన చీర మళ్లీ చీర కాదు కదా, ఆ అమ్మాయి అన్నదాంట్లో న్యాయం ఉంది. అయితే మన పద్ధతి బొంతకి కత్తెరతో పనే లేదు. చీరని నిండుగానే మడిచి కుడతాం. ఎప్పుడైనా విప్పాలనిపిస్తే దారం లాగేస్తే చాలు, చీర చీరలాగే వస్తుంది. ఈ మాట ముందు చెల్లెలికి ఫోన్ చేసి చెప్పండి.

పట్టు చీరల జోలికి మాత్రం వెళ్లకండి. మొహమాటానికి కాదు, అవి బొంతకి పనికిరావు. పాత పట్టు మడత దగ్గర చిట్లుతుంది, జరీ ఉన్నచోట ఇంకా త్వరగా. నూలు చీరలో సూది బెజ్జాలు ఒకటి రెండు ఉతుకుల్లో చాలావరకు పూడిపోతాయి, పట్టులో అలాగే ఉండిపోతాయి. పట్టూ నూలూ ఉతుకుకి ఒకేలా కుంచించుకోవు, కలిపి కుడితే బొంతంతా ముడతలు పడుతుంది. జార్జెట్, షిఫాన్ చేతిలో నిలవవు, జారిపోతాయి. కాబట్టి అవన్నీ ఫోటోలు తీసి, కొంగు కనబడేలా, ఇంట్లో వాళ్లందరికీ పంపండి. ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకున్నాక మిగిలినవి వదిన చెప్పినట్టు ఇచ్చేయవచ్చు. మీకు కావలసింది ఎవరూ పోటీపడనివి: ఇంట్లో కట్టుకుని ఉతికీ ఉతికీ మెత్తబడ్డ నేత చీరలు. కొంగుకి చెయ్యి తుడుచుకున్న పసుపు మరక వదలకుండా ఉండేది వాటి మీదే.

ఇక వదిన. శాస్త్రం గురించి ఆవిడతో వాదన పెట్టుకోవద్దు. చివరి రోజుల్లో కట్టినవి ఇచ్చెయ్యడం చాలా ఇళ్లలో ఆచారం, అది పాటించండి. బొంత మీ ఇంట్లో మీ మంచం మీద ఉంటుందనీ, వాళ్లింటికి రాదనీ చెప్పండి. సంవత్సరికం అయ్యాక మొదలుపెడతానంటే సగం అభ్యంతరం అక్కడే పోతుంది. మీకూ ఆ నాలుగు నెలలు మంచిదే.

ఈలోగా చెయ్యాల్సిన పని ఒకటుంది. ఉతికితే చీరల్లోని అమ్మ వాసన పోతుంది, మళ్లీ రాదు. బొంతకి ఉతకక తప్పదు కాబట్టి ఒక చీరని ఉతక్కుండా తెల్ల మల్లు గుడ్డలో చుట్టి విడిగా పెట్టుకోండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ చేరి బూజు పడుతుంది.

ఇప్పుడు కొలతలు. ఆరు గజాల చీరని మూడు మడతలు పెడితే రెండు గజాల పొడవు, నలభై అయిదు అంగుళాల వెడల్పు. లోపలి పొరలకి నాన్నగారి పంచె ఒకటి తీసుకోండి: నాలుగు గజాల పంచెని రెండు మడతలు పెట్టినా అదే రెండు గజాలు. పంచె చీర మడతల మధ్య సరిగ్గా ఒదుగుతుంది, వెడల్పు మిగిలితే లోపలికి మడిచేయండి. మొత్తం అయిదు పొరలు, ఒక మనిషి కప్పుకునే బొంత. ఇంకో చీర చేరుద్దామనిపిస్తుంది, చేర్చకండి. పొరలు పెరిగితే సూది దిగదు, వర్షాకాలంలో లోపల ఆరక ముక్కవాసన వేస్తుంది.

ఉతికేముందు ఫాల్ విప్పేయండి, లేకపోతే అంచు దగ్గర కట్టలా లావవుతుంది. గంజి పూర్తిగా పోవాలి, గంజి ఉంటే పురుగు పడుతుంది. తడి తెల్లగుడ్డతో చీరని గట్టిగా రుద్ది చూడండి. రంగంటితే నాలుగైదుసార్లు విడిగా ఉతకండి. ఇంకా అంటుతూనే ఉంటే వేరే చీర ఎంచుకోండి, లేదంటే నాన్నగారి పంచె పాడవుతుంది. ఆరాక వెలుగుకి పట్టి చూడండి. పలచబడ్డ భాగం లోపలి మడతలోకి, గట్టిగా ఉన్నదీ కొంగూ పైకి.

నేల మీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు బెత్తెడు దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యండి, నడుమ నుంచి అంచులకి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. అంచు నుంచి మొదలుపెడితే వదులంతా నడుమకి చేరి పొట్టలా ఉబ్బుతుంది, తర్వాత ఏం చేసినా సర్దుకోదు. కచ్చా అయ్యాక పొడవునా అంగుళానికో వరుస. అంటే నలభై అయిదు వరుసలు, దాదాపు 270 అడుగుల కుట్టు. రోజుకో గంట కూర్చుంటే మూడు నాలుగు వారాల పని. నూలు దారమే వాడండి, పాలిస్టర్ దారం పాత నూలుకన్నా గట్టిది, లాగుడు పడితే దారం తెగదు, బట్టే చిరుగుతుంది. దారం రెండు మూరలకి మించకూడదు, చిక్కులు పడుతుంది. మిషను వచ్చినా దీనికి వద్దు: కుట్టు బిగిసి బొంత అట్టలా అవుతుంది, విప్పడమూ కష్టం.

చెల్లెలికీ ఒక పని ఇవ్వండి. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లతో 1,920 బట్ట పలకల పెద్ద బొంత పరిచారు. ఎక్కడెక్కడో కుట్టినవి. పలక మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు అని ముందే కొలత ఖాయం చేశారు కాబట్టి కలపడం కుదిరింది. మీరూ ఆరంగుళాల పొడవు, నాలుగంగుళాల వెడల్పు అని కొలత చెప్పి, ఒక గుడ్డ ముక్క మీద అమ్మ పేరు కాడకుట్టుతో కుట్టి పంపమనండి. అది మూలన అతికించుకుంటారు. పేరు అమ్మ చేతిరాతలోనే ఉంటే మేలు. పద్దుల పుస్తకంలోనో, ఇన్‌లాండ్ లెటర్ మీదో అమ్మ సంతకం దొరుకుతుందేమో చూసి, కార్బన్ పేపరుతో దించుకోండి.

రాత్రి బీరువా దగ్గర కూర్చోవడం గురించి కూడా ఒక మాట. కుట్టుపని పగలు పెట్టుకోండి. నిద్ర, తిండి వారాల తరబడి తగ్గితే, లేదా బతకాలనిపించకపోతే, బొంత దానికి మందు కాదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

నాన్నగారు ఏమీ అనడంలేదంటే ఒప్పుకున్నట్టు అనుకోకండి. ఆయన్ని పంచె అడగండి, ఏ చీర తీయాలో కూడా ఆయన్నే అడగండి. పంచె ఇవ్వనంటే బలవంతపెట్టొద్దు. నాలుగు గజాల మల్లు గుడ్డ కొని, రెండుసార్లు తడిపి ఆరేసి, అదే లోపల పెట్టుకోండి.