రిపరేషన్ అంటే నష్టపరిహారమేనా?

సందేహం: మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ కట్టిన రిపరేషన్స్‌ను పాఠ్యపుస్తకాల్లో ‘నష్టపరిహారం’ అని రాస్తున్నారు. రాళ్లవానకు మిర్చి పోయిన రైతుకు ఇచ్చేదీ, బస్సు ప్రమాద మృతుల కుటుంబాలకు ప్రభుత్వం ప్రకటించేదీ నష్టపరిహారమే. ఇవన్నీ ఒకటేనా? రిపరేషన్‌కు వేరే తెలుగు మాట లేదా?
– ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

సమాధానం: ఒకటి కావు. ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు అని అడిగితే మాటలు వాటంతటవే విడిపోతాయి.

లాటిన్‌లో ‘పరారే’ అంటే సిద్ధం చేయడం. దానికి ‘మళ్లీ’ అనే అర్థమిచ్చే ‘రె’ ముందు చేరి ‘రెపరారే’ అయింది. అంటే మునుపటిలా చేయడం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి ‘రిపరేషన్’ అయింది. మన రిపేరుదీ ఆ వంశమే. అయితే మన ఊళ్లలో ‘బోరు మోటరు రిపేరుకొచ్చింది’ అంటే చెడిపోయిందని అర్థం! బాగుచేతకు పుట్టిన మాట చెడిపోవడానికి గుర్తయింది.

‘పరిహారం’ నడిచిన దారి వేరు. ‘హృ’ ధాతువుకు ‘పరి’ ఉపసర్గ చేరితే తొలగించడం, విడిచిపెట్టడం అని అర్థం. తూర్పు చాళుక్యుల రాగి శాసనాల్లో కనిపించే ‘సర్వకర పరిహారం’ అన్ని పన్నుల మినహాయింపు. అక్కడ పరిహారమంటే డబ్బు ఇవ్వడం కాదు, అడగకుండా వదిలేయడం. జ్యోతిష్కులు చెప్పే దోషపరిహారంలో ఆ పాత అర్థం ఇప్పటికీ ఉంది. నష్టాన్ని తొలగించేది నష్టపరిహారం. దానికి నష్టం ఉంటే చాలు, దోషి ఉండనక్కర్లేదు. రాళ్లవాన ఎవరి తప్పు?

రిపరేషన్‌కు దోషి కావాలి. 1833లో బ్రిటన్ తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఆ డబ్బు ముట్టింది బానిసలకు కాదు, యజమానులకు. ‘ఆస్తి’ పోయిందని ఇచ్చారు కాబట్టి అది అచ్చమైన నష్టపరిహారం. రిపరేషన్ మాత్రం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సంతతి పౌరులను శిబిరాల్లో నిర్బంధించినందుకు అమెరికా 1988లో చట్టం చేసి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇస్తూ క్షమాపణ చెప్పింది. ఇది రిపరేషన్. 2005లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన సూత్రాల్లో రిపరేషన్‌కు ఐదు రూపాలున్నాయి: పోయింది తిరిగి ఇవ్వడం, నష్టపరిహారం, పునరావాసం, క్షమాపణ వంటి వాటితో బాధితుల మనసుకు ఊరట, మళ్లీ జరగదన్న హామీ. నష్టపరిహారం ఆ ఐదింటిలో ఒకటి. భాగం పేరు మొత్తానికి పెడితే క్షమాపణా హామీ మాయమవుతాయి.

బస్సు ప్రమాదం తర్వాత ప్రకటించే ఎక్స్‌గ్రేషియాకు లాటిన్‌లో ‘దయతో’ అని అర్థం. హక్కుగా రాబట్టుకునే సొమ్ము కాదు కనుక ‘ఆర్థిక సాయం’ అనాలి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఇప్పించేది నష్టపరిహారం. మిడ్‌మానేరు వంటి ప్రాజెక్టుల ముంపు గ్రామాల్లో వినిపించే సొలేషియం మరొకటి. ఓదార్పు అని దాని అర్థం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం లెక్కకట్టిన పరిహారానికి అంతకు అంత, నూరు శాతం, దీన్ని కలపాలి.

ఉర్దూ ఈ విషయంలో మనకంటే నయం. భూమి తీసుకుని ఇచ్చేదాన్ని ‘ముఆవజా’ అంటుంది, యుద్ధంలో ఓడినవాడి నుంచి రాబట్టేదాన్ని ‘తావాన్-ఎ-జంగ్’ అంటుంది. మన పంచాయితీల్లో కట్టించే దండుగ రిపరేషన్‌కు దగ్గరగా కనిపిస్తుంది గాని, ఆ సొమ్ము కులానికో ఊరికో పోతే అది శిక్షే. ప్రాయశ్చిత్తమూ సరిపోదు. అందులో చేసినవాడు శుద్ధి అవుతాడు, బాధితుడికి ఏమీ ముట్టదు.

తెలుగు బైబిల్ లేవీయకాండంలో ‘అపరాధ పరిహారార్థబలి’ ఉంది. ఒకరి సొమ్ము అపహరించినవాడు ఆ బలితోపాటు, తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి సొంతదారుకు తిరిగి ఇవ్వాలి. తప్పు ఒప్పుకోవడం, సరిచేయడం రెండూ అందులో ఉన్నాయి. అందుకే రిపరేషన్‌కు ‘అపరాధ పరిహారం’ తగిన మాటని నా అభిప్రాయం. పరీక్ష ఫీజు నోటీసుల్లోని ‘అపరాధ రుసుము’ గుర్తొచ్చి జరిమానా అనుకునే ప్రమాదం కొంత ఉంది. ‘బానిసత్వానికి అపరాధ పరిహారం’ అని దేనికో చెబితే ఆ చిక్కు తీరుతుంది. జర్మనీ విషయంలో ‘యుద్ధ పరిహారం’ చాలు. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కులుగా నిర్ణయించిన ఆ బాకీకి సంబంధించిన చివరి కిస్తు 2010 అక్టోబరులో గాని తీరలేదు.

రాతలో రెండు జాగ్రత్తలు. నష్టపరిహారం సంస్కృత సమాసం, మధ్యలో ఖాళీ వదలకూడదు. ‘నష్టపరిహారాన్ని భర్తీ చేయాలి’ అనే వాక్యం ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. భర్తీ చేసేది నష్టాన్ని. పరిహారాన్ని చెల్లిస్తారు, లేదా ఇప్పిస్తారు.