యాస అర్థం కాకపోతే ఉద్యోగం మారాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ పూర్తి చేసి ఒక బహుళజాతి సంస్థలో చేరింది. వివిధ దేశాల సహోద్యోగుల ఇంగ్లిష్ యాస అందక మీటింగుల్లో మౌనంగా ఉంటోంది. ఈమధ్య ఒక గడువు తేదీని పొరబడి మేనేజర్‌తో మాట పడింది. ఉద్యోగం మారమనాలా, స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేర్పించాలా? - ఒక తండ్రి

జవాబు: ప్రస్తుతానికి రెండూ అవసరం లేదు. ఇంటర్వ్యూలు దాటి వచ్చిన అమ్మాయికి భాష రాదనుకోలేం. ఆమెకు అలవడవలసింది విన్నదాన్ని అక్కడికక్కడే ధ్రువపరచుకోవడం. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లు ఆరు స్థాయుల భాషా ప్రమాణంలో కనీసం నాలుగోది అందుకోవాలి. అంత భాష వచ్చినవారైనా రన్‌వే, ఎత్తు వంటి కీలక ఆదేశాలను కంట్రోలర్‌కు తిరిగి వినిపించవలసిందే. అందులో నామోషీ ఏమీ లేదు, అది వృత్తి నియమం.

‘మళ్లీ చెప్పండి’ అని అడిగితే ఎదుటివారు అదే వాక్యాన్ని అదే వేగంతో అప్పజెబుతారు. ‘నివేదిక శుక్రవారం సాయంత్రానికి, ముందుగా టెస్టింగ్ బృందానికి పంపాలి, అంతేనా?’ అని తనకు అర్థమైనది చెబితే, ఎక్కడ తేడా వచ్చిందో వారే సరిచేస్తారు. మీటింగ్ ముగియగానే ఇవే అంశాలను నాలుగు వాక్యాల మెయిల్‌గా పంపడం ఇంకా మేలు. తేదీల్లో నెల పేరును అక్షరాల్లో రాయమనండి. 04/05 అంటే అమెరికన్లకు ఏప్రిల్ 5, బ్రిటిష్‌వారికి మే 4.

యాస తెలియకపోతే తెలియలేదన్న సంగతైనా మనకు తెలుస్తుంది. తెలిసిన మాటకే ఒక్కో ప్రాంతంలో ఒక్కో అర్థం ఉన్నప్పుడు అనుమానమే రాదు కనుక ఎక్కువ నష్టం అక్కడే జరుగుతుంది. ఒక అంశాన్ని ‘టేబుల్’ చేద్దామంటే బ్రిటిష్‌వారి ఉద్దేశం దాన్ని ఇప్పుడు చర్చకు తీసుకోవడం, అమెరికన్లది దాన్ని పక్కన పెట్టడం. అందువల్ల నిర్ణయం ఏదైనా, ఎవరు ఏమి ఎప్పటికి చేయాలన్నది తేలేవరకు అడగడం తప్పు కాదు.

చెవికి అలవాటు కావడానికి, అనుమతి ఉన్నచోట, రికార్డయిన మీటింగులను క్యాప్షన్లతో మరోసారి వినవచ్చు. అయితే పేర్లు, సాంకేతిక పదాల విషయంలో క్యాప్షన్లను పూర్తిగా నమ్మరాదు. ఎజెండా ముందురోజే పంపమని మేనేజర్‌ను కోరడం సబబే. ఇవన్నీ కొన్ని నెలలు పాటించాక కూడా ప్రశ్న అడిగితే విసుక్కోవడం, ఆమె యాసను వెక్కిరించడం కొనసాగితే, ముందు హెచ్‌ఆర్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, ఫలితం లేకపోతే అప్పుడు మరో బృందానికి బదిలీనో, మరో సంస్థనో చూసుకోవచ్చు.